అమ్మకు అత్త పెట్టిన పేరు

మా అమ్మ యానాంలో పుట్టింది. ఆ ఊరు భారతదేశంలో కలిసినప్పుడు తాత ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకున్నాడు. అంటే అమ్మా ఫ్రెంచి మనిషే, అమ్మ బిడ్డగా నేనూ ఆ హక్కు అడగొచ్చు. ఎమ్మిగనూరులో మగ్గం నేసుకునే నాకు ఈ సంగతి నలభై దాటాక తెలిసింది. అప్పటికే మా మగ్గం మూలపడింది. ఫ్రాన్సుకు పోతే ఏదో ఒక పని దొరక్కపోదని నా ఆశ.

"బంగారం లేదు, భూమి లేదు. నీకిచ్చేకి నా దగ్గర ఇదొక్కటే ఉండాది, తీసుకో" అంది అమ్మ, చీర పెట్టినంత తేలిగ్గా.

యానాం నుంచి అమ్మ పుట్టిన సర్టిఫికెట్ తెప్పించాం. అందులో ఆమెకు పుట్టింట్లో పెట్టిన పేరుంది. ఖర్మ, మా నాయనమ్మ పేరూ అదే! కోడల్ని తిడితే అత్తను తిట్టినట్టవుతుందని, పెళ్లిపీటల మీదే నాయనమ్మ ఆమెకు కొత్త పేరు పెట్టేసింది. రేషన్ కార్డు, ఆధార్, నా బడి కాగితాలు, అన్నిట్లో ఆ కొత్త పేరే. మా ఇళ్లల్లో ఇదేం వింత కాదు. ఫ్రెంచివాళ్లకు ఎవరు చెప్పాలి?

ఆదోనిలో వకీలు దగ్గరికి పోయాం.

"ఇద్దరూ ఒకరేనని కోర్టులో తేల్చుకోవాలమ్మా. పేరు మార్చినప్పుడు ఆడ ఉన్నోళ్లు ఎవరన్నా ఉండారా?" అన్నాడాయన.

"నేనుండాను గదప్పా! నా పేరు నాకు తెలీదా?" అంది అమ్మ.

"నీకు నువ్వే సాక్షివంటే ఒప్పుకోరమ్మా."

నాకు ఒళ్లు మండింది. మనిషి ఎదురుగా కూర్చునుంటే, ఈమె ఆమేనా అని అడుగుతారా? నోటికొచ్చినట్టు అరిచాను. పాపం ఆయన మాకు టీ తెప్పించాడు. దాంతో నాకు ఏడుపొచ్చింది.

ఆ పెళ్లి చూసినవాళ్లలో మిగిలింది గోనెగండ్లలో ఉన్న మా మేనత్త ఒక్కతే. మర్నాడు ఆమె దగ్గరికి పోయాం. ముసలామె అమ్మ చెయ్యి పట్టుకుని ప్రేమగా నవ్వింది.

"పేరు మార్చేదేంది వదినా? నీకు మొదట్నుంచీ ఇదే పేరు గదా!"

ఎంత చెప్పినా అదే మాట. అబద్ధమాడే మనిషి కాదు, నిజంగానే మరిచిపోయింది. ఆమెను ఏమని తిట్టేది?

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నాయనమ్మ పెట్టిన ఆరళ్లు చెప్పుకుని ఆమె ఏడవని పండగ లేదు. నాయనమ్మ పోయిననాడు అమ్మ కంటతడి కూడా పెట్టలేదు.

"మా అత్త బతికుంటే బాగుండు" అంది, కిటికీలోంచి చూస్తూ. "కాళ్లు పట్టుకునన్నా సెప్పించుకుందును. నేనెవరో ఆమెకొక్కదానికే తెలుసు."