లైన్ ఇన్‌లో నాన్న గొంతు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఇది దయ్యం కథ అని కూడా అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా కంప్యూటర్ కోచింగే ఉన్న రోజులు. పంజగుట్టలో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ల కోసం గొంతు రికార్డు చేసే ప్రోగ్రాం రాస్తున్నాం. శబ్దం ఎక్కడి నుంచి తీసుకోవాలో ఎంచుకునే భాగం నాది. మైక్రోఫోన్ అని ఎంచుకుంటే మైకు నుంచి తీసుకుంటుంది. లైన్ ఇన్ అని ఎంచుకుంటే టేప్ రికార్డరు తగిలించుకునే వేరే సాకెట్ నుంచి. అప్పుడు మైకులో అరిచినా పడదు.

ఆ ఏడాదే నాన్నకు గొంతు క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు. అప్పటికే మాట బొంగురుపోయి, సగం గాలే వచ్చేది. ఒకప్పుడు చర్చిలో ఆదివారం మైకు సర్దేది ఆయనే. ఆయన హలో అంటే వీధి చివరకు వినపడేది.

అమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "ఆయన నన్ను పిలిచే పిలుపు దాచిపెట్టవే."

ఆసుపత్రిలో చేరే ముందు రోజు మధ్యాహ్నం నాన్నను ఎర్రమంజిల్‌లోని ఇంటి నుంచి ఆటోలో ఆఫీసుకు తీసుకెళ్లాను. మైకు చేతికిస్తే అలవాటుగా వేలితో కొట్టి, హలో హలో అన్నారు. చివర్న, ఇంట్లో అమ్మను పిలిచినట్టే, "రత్నం, ఓసారి ఇటు రా" అన్నారు. మాట పూర్తయ్యేసరికి ఆయాసం వచ్చేసింది. పక్క సీట్లో ఉండే యాదగిరన్న తల తిప్పేసుకున్నాడు. అప్పుడే వినే ధైర్యం నాకు లేక, అలాగే దాచి లేచిపోయాను.

ఆపరేషన్ అయ్యాక ఆఫీసుకొచ్చి ప్రోగ్రాం తెరిస్తే లైన్ ఇన్ అని ఉంది. చివరిసారి ఎంచుకున్నదాన్నే గుర్తుపెట్టుకునేలా రాసింది నేనే. ఆ కంప్యూటర్ మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. వెనక ఆ సాకెట్లో ఏ వైరూ లేదు. అంటే ఆ రోజు కూడా లైన్ ఇన్‌లోనే ఉంది, రికార్డయింది ఉత్త నిశ్శబ్దం. నాన్న గొంతు ఇక ఈ లోకంలో లేదు. కుర్చీలో కూలబడి ఏడ్చాను.

"జర ఆగమ్మా, ముందు ఇని చూద్దాం" అని యాదగిరన్నే మీట నొక్కాడు.

గొంతు వచ్చింది. ఫ్యాను చప్పుడు లేదు, రోడ్డు మీద హారన్లు లేవు. నాన్న ఒక్కరే. ఆయాసం కూడా లేదు. చర్చి మైకులో వినపడే ఆ పాత గొంతు, నిండుగా.

యాదగిరన్న వంగి వెనక ఆ ఖాళీ సాకెట్‌ని ఇంకోసారి చూశాడు. "మైకు నుంచి లీకై పడ్డదనుకుందాం. గొంతెట్ల మారుతది? ఆ దినం నేను సుత ఇక్కడ్నే ఉన్న గదా" అన్నాడు. తర్వాత లైన్ ఇన్ పెట్టి మైకులో మాట్లాడి చూశాం. ఎంత గట్టిగా మాట్లాడినా ఏమీ పడలేదు.

నాన్న ఇంటికొచ్చాక సీడీలో వేసి వినిపించాను. మెడకు కట్టుతో కుర్చీలో కూర్చుని విన్నారు. "రత్నం, ఓసారి ఇటు రా" అనగానే వంటింట్లోంచి అమ్మ, "వస్తున్నానండీ" అంది. తడి చేతులతో గుమ్మం దాకా వచ్చి, ఆయన్ని చూసి ఆగిపోయింది. నాన్న చెయ్యెత్తి రమ్మని సైగ చేశారు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. సీడీ అమ్మ దగ్గరే ఉంది. శబ్దం ఎక్కడి నుంచి రావాలో చెప్పే ఆ భాగం రాసింది నేను. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు ఈరోజుకీ తెలీదు.