అగ్గిపెట్టెంత రేడియో స్టేషను

మా మావయ్య మనుషులతో మాట్లాడడు, మైకుతో మాట్లాడతాడు. మనుషులం పక్కన ఉంటాం, అంతే.

హాల్లో కంప్యూటరు, దానికొక మైకు, వెనకాల అగ్గిపెట్టెంత ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు. కంప్యూటర్లో మోగిన పాటైనా, మైకులో పడిన మాటైనా గాల్లో తేలుతూ వెళ్లి వంటింటి రేడియోలో, బాల్కనీ రేడియోలో, కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తయ్య ఇయర్‌ఫోన్లలో వాలేది. మధ్యాహ్నాలు ఆ ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా పాట నాకన్నా ముందే వచ్చి కూర్చుని ఉండేది. బట్టలు ఆరేస్తుంటే అదీ తీగమీద వేలాడుతూ ఆరుతున్నట్టుండేది. చదువు కోసం వాళ్లింట్లో చేరిన నాకు, మెలకువలోనే కల కంటున్నట్టుండేది.

ఆ కల చెడగొట్టేది మావయ్యే.

"మైకులో చెప్పవే!"

"ఉప్పు డబ్బా ఎక్కడుందీ అన్నాను, అంతే కదా మావయ్యా."

"అదే మైకులో అడుగు. నీ గొంతు చీమక్కూడా వినపడదు."

ఉప్పు సంగతి ఇల్లంతా ప్రసారమయ్యేది. కళ్లద్దాల కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక ఆయన దగ్గినా మైకుకేసి తిరిగే దగ్గేవాడు. చుట్టాలొస్తే కుర్చీలన్నీ దాని చుట్టూ వేసేవాడు. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషిని పట్టుకుని, "రెండు ముక్కలు ఇందులో మాట్లాడి వెళ్లండి" అన్నాడు. ఆయన మీటరు చూడకుండానే మెట్లు దిగేశాడు.

"ముందు మీ బుర్ర చూడమనండి!" అంది లోపల్నించి అత్తయ్య.

ఆ మాట విని ఎంత సంతోషించానో! స్టేషను పుట్టకముందు అత్తయ్య పిలిచినా పలికేది కాదు. మేం నవ్వుకుంటుంటే మెల్లిగా లేచి మిషను దగ్గరికి వెళ్లిపోయేది. మాకు దూరమైపోతోందని దిగులుపడేదాన్ని. రేడియో వచ్చాకే మళ్లీ నోరు విప్పింది. పాటల మహిమ అనుకున్నాను.

ఒక ఆదివారం, వచ్చిన చుట్టాలు వెళ్తూ వెళ్తూ మెట్ల మీద మావయ్యని తలచుకుని పడీపడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మావయ్యా, ఇంక ఈ మైకు తీసేద్దాం. నీకు పిచ్చంటున్నారు."

మావయ్య అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"అననీవే. మీ అత్తయ్యకి చెవులు సరిగా వినపడవు. డాక్టరు చెవి మిషను పెట్టుకోమంటే, నాకేం తక్కువని చీటీ చింపేసింది. రేడియో అంటే మాత్రం ఒప్పుకుంది. మన మాటలు వినపడాలనే ఇదంతా పెట్టానని తెలిసిందో, ఆ ఇయర్‌ఫోన్లు కూడా తీసి అవతల పారేస్తుంది. మళ్లీ ఆ గదిలో ఒక్కతే అయిపోతుంది. దానికన్నా నాకు పిచ్చి ఉండటం నయం కదా!"

వంటింట్లో ఎవరో గుసగుసలాడుతున్నారు. బాల్కనీలో కూడా. చెవి పెట్టి వింటే, అవి మావయ్య మాటలే. కుర్చీ లాక్కున్నప్పుడు ఆయన మూతి సరిగ్గా మైకు ముందుకొచ్చింది.

లోపల కుట్టుమిషను ఆగిపోయింది.

మావయ్య మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు, ఇప్పుడెందుకో. రేడియోల్లో సన్నటి హోరు.

"ఏమండీ!" అంది అత్తయ్య గదిలోంచి. "మైకుని మూతికి ఆనించుకుని ఆ గుసగుసలేమిటి? నా చెవులు చిల్లులు పడుతున్నాయి. కాస్త వెనక్కి జరగండి!"

మావయ్య కుర్చీతో సహా గోడదాకా జరిగాడు. లోపల మిషను మళ్లీ నడిచింది.