నవ్వుతూ ఆగమన్నారు

తరగతిలో నవ్వాలంటే నాకు ఇప్పటికీ భయం. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోతుంది. ఎవరో కళ్లు గట్టిగా మూసుకుని నా ఎదురుగా నిలబడ్డట్టు అనిపిస్తుంది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో వికారాబాద్‌లో మాకు శిక్షణ ఇచ్చారు. అక్కడ మేమే పిల్లలం, మేమే టీచర్లం. జవాబు చెప్పని పిల్లల్ని కసురుకోవద్దు, ఇంకొకర్ని అడగొద్దు, కళ్లల్లోకి చూసి నవ్వుతూ ఆగండి అన్నారు. నోరు విప్పని పిల్లగా మాలో ఒక్కరూ నటించలేదు. మీసాలొచ్చినవాళ్లం, పిల్లల తల్లులం, జవాబు చెప్పడానికి నేనంటే నేనని చేతులెత్తి ఎగబడ్డాం.

నాకు తాండూరు దగ్గర పల్లెలో పోస్టింగు వచ్చింది. రెండో తరగతిలో గొర్లకాపరుల పిల్ల ఒకతె ఉండేది. బడిలో ఒక్క ముక్క మాట్లాడేది కాదు. కంది కోతల రోజుల్లో వాళ్లమ్మ నా దగ్గరికొచ్చింది.

"మంద తోలుకోని పోతున్నం టీచరమ్మ. కోసిన చేన్లల్ల మంద పెట్టనీకి రైతులే పిలుస్తరు, ఎరువైతదని. పిల్లకు సదువొస్తదంటె మా అమ్మ తాన ఇడిసిపోత. రాదంటె నా ఎంబడి తీస్కపోత."

"వస్తది, ఉంచు" అన్నాను. మందతో వెళ్లిందంటే మళ్లీ బడి ముఖం చూడదు.

శిక్షణ ఎంతవరకు పనిచేసిందో చూడటానికి ఆ వారమే ఒక సారు వచ్చి వెనక కూర్చున్నారు. నేను కావాలనే ఆ పిల్లను లేపి, బోర్డు మీది పదం చదవమన్నాను. నవ్వుతూ ఆగాను. బయట బండలు పాలిష్ పట్టే మిషను మోత. పిల్ల కళ్లు మూసుకుంది. ఆలోచిస్తోందనుకున్నాను. దవడలు నొప్పెట్టేదాకా నవ్వాను. చివరికి గంట కొట్టారు.

"శాబాష్ మేడం, మేం చెప్పింది చెప్పినట్టు చేసిండ్రు" అని మెచ్చుకుని సారు వెళ్లిపోయారు. నాకైతే ఏడుపొచ్చింది.

మరునాడే మంద బయల్దేరుతుందని తెలిసి, తల్లిని బతిమాలుదామని సాయంత్రం చేను దగ్గరికి పోయాను. మంద చుట్టూ వల కట్టి ఉంది. లోపలి నుంచి నా గొంతు వినిపించింది. చూస్తే ఆ పిల్లే. గొర్రెపిల్లల్ని ముందర పెట్టుకుని, నేను బోర్డు మీద రాసిన పదాలన్నీ వల్లిస్తోంది, ఒక్క తప్పు లేదు, మధ్యమధ్యలో నా దగ్గుతో సహా.

"ఇంటికాడ రోజూ గిదే లొల్లి" అంది తల్లి నా పక్కకొచ్చి.

చూశావా, చదువొచ్చింది అందామని నోరు తెరిచాను. అప్పుడే పిల్ల ఒక గొర్రెపిల్ల ముందు ఆగింది. పళ్లన్నీ కనబడేలా నవ్వింది. కళ్లార్పకుండా అలాగే నిలబడింది. తర్వాత వంగి దాని చెవిలో బుజ్జగించింది.

"భయపడకు. గట్లనే నవ్వుతది. కండ్లు మూస్కో, పోతది."

"ఉంచమంటరా టీచరమ్మ?" తల్లి అడిగింది.

ఆ మాట చెప్పడానికే వచ్చాను. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆమె నా ముఖం చూసి, పిల్లను కేకేసింది.

"పొద్దుగాల నువ్వు గూడ వస్తున్నవ్, బట్టలు సదురుకో."

పిల్ల ఎగిరి గంతేసింది.