పచ్చ తలుపు

తొమ్మిదో అంతస్తు కిటికీలోంచి చూస్తే కొలతలమ్మకు ఎదుటి బిల్డింగు కిటికీలు తప్ప మరేమీ కనపడేవి కావు. ఆ పేరు ఆవిడకు అత్తగారు పెట్టింది. బట్టల దుకాణంలో ప్యాంట్లు పొట్టి చేయడం, కోట్లు బిగించడం, గౌన్లు వదులు చేయడం ఆవిడ పని. సాయంత్రం మెడలో టేపుతోనే ఇల్లు చేరేది.

"మెడలో గొలుసు మరిచిపోతుందేమో గానీ టేపు మరిచిపోదు. ఏదో ఒకరోజు నా గురక కూడా కొలుస్తుంది" అని అత్తగారు ఫోన్లో చెల్లెలికి చెప్పేది, కోడలికి వినపడేలాగే.

ఈ దేశం వచ్చి ఆరేళ్లు. ఆరేళ్లూ ఆ ఫ్లాటులోనే గడిచిపోయాయి. ఇప్పుడు ఇంటాయన దాన్ని అమ్మేస్తున్నాడు, నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. కొలతలమ్మ భర్త లిఫ్టు మెకానిక్కు. ఊరి చివర పెద్దరోడ్డు పక్కన కొత్తగా లేచిన టవర్లో ఫ్లాటు చూసిపెట్టాడు.

"అక్కడి లిఫ్టులు నేను బిగించినవే. ఆగే ప్రసక్తే లేదు" అన్నాడు.

"లిఫ్టు బాగుందని ఎవరైనా ఇల్లు తీసుకుంటారాండీ?"

"ఇల్లు బాగుండి లిఫ్టు ఆగిపోతే తెలుస్తుంది."

కొలతలమ్మ మనసంతా నది అవతలి పాతవీధుల మీద ఉంది. సెలవురోజున బస్సెక్కి అక్కడికి వెళ్లి ఊరికే తిరిగేది. ఆవిడ చూసేది గోపురాలనీ బొమ్మలనీ కాదు, ఇళ్ల ముందు మెట్లని. ప్యాంటు అంచు ఎటువైపు చిరిగిందో చూస్తే మనిషి ఎలా నడుస్తాడో ఆవిడకు తెలిసిపోతుంది. రాతిమెట్లు కూడా అలాగే ఒకచోట పల్లమై, ఒకచోట నున్నబడి ఉంటే, ఇది ఎవరి కాలా అని నిలబడిపోయేది. ఆ ఇళ్ల మధ్య పెద్దపెద్ద చెట్లుండేవి. ఇళ్లు ముందొచ్చాయో చెట్లు ముందొచ్చాయో అడుగుదామంటే దారిలో పోయేవాళ్లకు తీరిక ఉండేది కాదు.

"మన బిల్డింగు మెట్లు ఎందుకరగలేదంటారు?" అని ఒకసారి భర్తని అడిగింది.

"అందరూ లిఫ్టెక్కుతారు కాబట్టి."

మాట అలా తేల్చేశాడు గానీ, ఆమె కోరిక అతని చెవిని దాటిపోలేదు. ఓ మధ్యాహ్నం దుకాణానికి ఫోన్ చేశాడు.

"నది అవతల రాళ్లు పరిచిన వీధి ఒకటుంది, నీకిష్టమైన సరుకే. పెద్ద చెట్టు, దాని పక్కన పచ్చ తలుపు ఇల్లు. కింది వాటా ఖాళీ. ఐదింటికి ఇంటాయన ఉంటాడు. నాకు లేటవుతుంది, అమ్మని తీసుకుని నువ్వెళ్లు. చూసి నచ్చితే మాట..."

ఫోన్ తెగిపోయింది. అంటే లిఫ్టు గోతిలోకి దిగాడన్నమాట. అక్కడ సిగ్నలుండదు.

కోడలూ అత్తా ఐదింటికి వీధిలో ఉన్నారు. చెట్టుని వెతకక్కర్లేకపోయింది. దాని వేళ్లు ప్రహరీగోడని కడుపుతో ఉన్నదానిలా ఉబ్బించి, కాలిబాట రాళ్లని పైకి లేపాయి. పక్కనే పచ్చ తలుపు ఇల్లు, పండిన నిమ్మకాయ రంగు. చెట్టుకి అవతల ఇంకో ఇల్లుంది గానీ, దాని తలుపు ఆకుపచ్చ కాబట్టి కొలతలమ్మ అటు చూడనే లేదు.

తలుపు తీసినావిడ పొడుగ్గా, నిటారుగా ఉంది. జన్మంతా ట్రాము కండక్టరుగా చేసి రిటైరైన మనిషని తర్వాత తెలిసింది. ఆవిడ కొలతలమ్మ మొహం చూడలేదు, మెడలో టేపు చూసింది.

"వచ్చారా? పోయినవారమే వస్తారనుకున్నాను. లోపలికి జరగండి, దారికి అడ్డం నిలబడకండి."

ఆ భాష కొలతలమ్మకు దుకాణానికి సరిపడా వచ్చు. చెప్పులు చేత పట్టుకుని గడప దగ్గరే ఆగింది. గడపరాయి నడిమధ్య కాకుండా కుడివైపు పల్లమై ఉంది.

"ఇది ఇటువైపే ఎందుకరిగింది?"

కండక్టరమ్మ రాయి వంకా, ఈవిడ వంకా చూసింది. "మా నాన్నా, వాళ్ల నాన్నా కుడికాలు ముందు పెట్టేవాళ్లేమో. నాది ఎడమ. నా వంతు ఇంకా కనపడ్డం లేదు."

లోపల గదులు చిన్నవి, గోడలు మూరెడు మందం. ఓ గోడలో పూడ్చేసిన గుమ్మం ఆనవాలుంది. అది ఎక్కడికి తెరుచుకునేదని కొలతలమ్మ అడిగింది. పక్కింటికట, ఒకప్పుడు రెండిళ్లూ ఒకటేనట, అన్నదమ్ములు మాట పట్టింపుతో ఇటుకలు పెట్టేశారట. ఏం మాట? అదెవరికీ గుర్తు లేదట. బయటిగోడకి ఇనుపరింగు దేనికని అడిగితే గుర్రాన్ని కట్టడానికట.

"గుర్రం సంగతి సరే, వంటిల్లెక్కడో అడుగు" అంది అత్తగారు వెనకనుంచి.

"రండి, అసలు పని చెట్టు దగ్గర కదా" అని కండక్టరమ్మ పెరట్లోకి దారి తీసింది. చెట్టు మొదట్లో నిలబడి, "కొలవండి" అంది.

ఇల్లు అద్దెకివ్వడానికి చెట్టు ఎందుకు కొలవాలో కొలతలమ్మకు అంతుపట్టలేదు. అడిగితే బాగుండదేమో, ఏ దేశపు పద్ధతి ఆ దేశానిది అనుకుంది. పైగా, ఎంతుంటుందో చూడాలని ఆవిడకీ ఉంది. టేపు చుట్టింది. సగం కూడా రాలేదు.

"అత్తయ్యా, ఈ కొస కాస్త పట్టుకోండి."

"చెట్టుకి చొక్కా కుడతావా అమ్మాయ్?"

"కొలతలిమ్మంటోంది."

"ఛాతీ ఒక్కటేనా, చేతులు కూడానా? చేతులైతే నా వల్ల కాదు."

టేపుని మూడుసార్లు జరిపి కొలతలమ్మ లెక్క చెప్పింది. కండక్టరమ్మ అరచెయ్యి బెరడు మీద పెట్టి, "ఉంచుతారా, కొట్టేస్తారా?" అంది.

"కొట్టెయ్యడమెందుకు? మేం వచ్చిందే చెట్టుందని."

నిటారుగా ఉన్న ఆవిడ నెమ్మదిగా బెంచీ మీద కూలబడింది. "ఆ మాట రాసిస్తారా? గోడ పడిపోతుందని వీధివాళ్లు రెండేళ్లుగా మీ ఆఫీసుకి ఫిర్యాదులు చేస్తున్నారు."

"మా ఆఫీసేంటండీ? మేం ఇల్లు అద్దెకని వచ్చాం."

"అద్దెకా? ఏ ఇల్లు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటుండగా, గోడ పగుల్లోంచి, వీధిలో ఎవరో తెలుగులో తనలో తను తిట్టుకోవడం వినపడింది. మెకానిక్కు. పనవగానే పరిగెత్తుకొచ్చాడు. ఆకుపచ్చ తలుపు ఇంటాయన అరగంట చూసి, తర్వాత వచ్చిన జంటకి మాటిచ్చేశాడు.

"చెట్టు పక్కన పచ్చ తలుపని చెప్పానా లేదా?" అన్నాడు పెరట్లోకి వచ్చి.

"పచ్చ తలుపే కదా ఇది."

"ఇది పసుపు."

"పచ్చంటే పసుపు కాక మరేంటండీ? మా ఇంట్లో అంతే. అదేమో ఆకుపచ్చ. కామెర్లొస్తే కళ్లు పచ్చబడ్డాయంటారు. ఆకుల రంగులోకి మారతాయా?"

"పచ్చగడ్డి అంటే పసుపు గడ్డా? అమ్మా, నువ్వు చెప్పు."

"పచ్చంటే ఆకుల రంగేరా, అందులో అనుమానమేముంది?" అంది తల్లి. కొడుకు గెలిచాననుకునేలోపు, "అంత తెలిసినవాడివి తలుపు నెంబరు చెప్పొచ్చుగా" అని కలిపింది.

ఏంటి గొడవని కండక్టరమ్మ అడిగింది. మెకానిక్కు వివరించాడు. రెండు రంగులకీ ఒకటే మాటా అని ఆవిడ రెండుసార్లు అడిగి, చెట్టు సంగతి మరిచి ఆసక్తిగా లేచింది. ముందు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, తలుపు అంచున పెచ్చులూడినచోట తాళంచెవితో గీకింది. పసుపు కింద నీలం, నీలం కింద ఎరుపు, దాని కింద చెక్క.

"మీ రంగు ఎక్కడా లేదు. ఏం చేయను" అంది మెకానిక్కుతో.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. తమ్ముడు పోయాక కింది గదులు ఖాళీగానే ఉన్నాయి. అద్దెకిచ్చే ఆలోచన ఎప్పుడూ లేదు. చెట్టు కొట్టేస్తే ఇల్లమ్మేసి మేనకోడలి దగ్గరికి వెళ్లిపోతుంది. ఉంటే, అప్పుడు ఆలోచిస్తుంది. టేపు చూసి కొలతలమ్మని మునిసిపాలిటీ మనిషనుకుందట. వచ్చేవారం చెట్ల ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఈసారి అసలువాడు.

టవరు ఫ్లాటుకేమో ఈ శుక్రవారమే సంతకం చేయాలి. అయినా ఆగుదామంది కొలతలమ్మ.

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పేరు పెట్టేస్తున్నావు" అన్నాడు మెకానిక్కు ఇంటికొచ్చాక. "వాళ్లు చెట్టు కొట్టేస్తే? నెలాఖరుకి ఈ సామాను నెత్తిన పెట్టుకుని ఎక్కడికెళ్తాం?"

"ఆ గుమ్మం ఎందుకు పూడ్చారో కనుక్కోవాలనుందండీ" అంది కొలతలమ్మ. అది జవాబు కాదని ఆవిడకీ తెలుసు.

"ఎవరికీ గుర్తు లేదంది కదా."

"నిదానంగా అడిగితే గుర్తొస్తుంది."

అత్తగారు కిటికీ పక్కనుంచి అంది: "ఒరేయ్, ఈ ఆరేళ్లలో నేను నేల మీద ఉన్నదెంతసేపురా? ఎక్కడానికి నీ లిఫ్టు, దిగడానికి నీ లిఫ్టు. అక్కడ గడప దాటితే మట్టి."

"మోకాళ్ల నొప్పులని లిఫ్టు కావాలన్నది నువ్వేగా."

"మెట్లే లేనిచోట లిఫ్టెందుకురా?"

శుక్రవారం టవరు వాళ్లు దుకాణానికి ఫోన్ చేసి, మీవారు ఫోనెత్తడం లేదన్నారు. పొద్దున్నించీ లిఫ్టు గోతిలోనే ఉన్నారేమోనంది కొలతలమ్మ. రాత్రి అతను కాళ్లు కడుక్కుంటుంటే, "అంత పెద్ద రిపేరా?" అని అడిగింది.

"గోతిలో గ్రీజు తుడిచాను" అన్నాడు. గ్రీజు తుడవడానికి పూట కూడా పట్టదు. టవరు సంతకం గడువు దాటిపోయింది.

ఇక మిగిలింది ఎదురుచూడటం. అట్టపెట్టెలు తెచ్చి సర్దడం మొదలుపెట్టారు, ఎక్కడికో తెలియకుండానే. కొలతలమ్మ రెండుసార్లు కుట్టిన అంచునే మళ్లీ విప్పి కుట్టింది. దుకాణం యజమానురాలు ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మరుసటి బుధవారం కండక్టరమ్మ, కొలతలమ్మ చెప్పిన గుర్తులతో దుకాణంలోకి వచ్చింది. పాత ట్రాము కోటు బల్ల మీద పరిచి, చిరిగిన జేబు చూపించింది. కొలతలమ్మ జేబు తిరగేసి అస్తరు చూసింది.

"వీధి మీదకొచ్చిన కొమ్మ ఒకటి తీసేస్తారట" అంది కండక్టరమ్మ. "గోడని వేరు చుట్టూ వంచి కడతారట. చెట్టు ఉంటుంది. మీ కొలతకీ ఆయన కొలతకీ జానెడు తేడా వచ్చింది."

"మా అత్తయ్య కొస వదులుగా పట్టుకున్నారు."

"ఆయనా అదే అన్నాడు, ఎవరో వదులుగా పట్టుకున్నారని." ఆవిడ కింది గదుల తాళంచెవి బల్ల మీద పెట్టింది. "ఈ జేబులో ఉంటే పడిపోతుంది. మీరే ఉంచుకోండి. ఇంతమంది వచ్చిపోయారు గానీ గడప గురించి ఎవరూ అడగలేదు. ఇంతకీ మీరు ఏ కాలు ముందు పెడతారు?"

తన కాలి సంగతి కొలతలమ్మ ఎప్పుడూ గమనించుకోలేదు. బల్ల వెనకనుంచి లేచి, తలుపుదాకా నడిచి చూసుకుంది. కుడి.

నెలాఖరుకి మారిపోయారు. పూడ్చిన గుమ్మం కథ కండక్టరమ్మ మూడు రకాలుగా చెప్పింది. మూడూ నమ్మేలాగే ఉన్నాయి, కొలతలమ్మ ఇంకా అడుగుతూనే ఉంది. మెకానిక్కు పొద్దున్నే గడప మీద కూచుని బూట్ల లేసులు కట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు.

చలి మొదలైన రోజుల్లో ఒకనాడు అత్తగారు పెరట్లో బెంచీ మీద కూచుని పైకి చూసింది.

"అమ్మాయ్, ఇలా వచ్చి చూడు. ఆకులన్నీ ఎంత పచ్చబడ్డాయో."

చెట్టంతా నిమ్మపండు రంగులో ఉంది. గడప మీద మెకానిక్కు లేసు కడుతున్న చేతులు ఆపి, తల తిప్పి తల్లిని చూశాడు. కొలతలమ్మ మెడలో టేపు సర్దుకుని, వెళ్లి అత్తగారి పక్కన కూచుంది.