గోల్‌బర్న్‌లో జోన్ ఆంటీ నాన్నగారు

తెల్లవారుజామున సిడ్నీ శివార్లలో మా స్కోఫీల్డ్స్ స్టేషన్‌కి బయలుదేరుతుంటే గరాజ్ దగ్గర అత్తయ్య అడ్డంగా నిలబడ్డారు. కొన్ని నెలలు మాతో ఉందామని తెనాలి నుంచి వచ్చిన మనిషి.

"ఏంటి సుజాతా, నిజంగానే పోతున్నావా? ఆడదానివి, శ్మశానానికి ఒక్కదానివేనా?"

"ఇక్కడివి మన శ్మశానాల్లా ఉండవు అత్తయ్యా. పార్కులా ఉంటాయి."

"ఏ దేశంలో అయితే ఏంటి, పోయినవాళ్ళు పోయినవాళ్ళే. నీ మొండితనం నాకు తెలీనిదా! తిరిగొచ్చాక మాత్రం తిన్నగా ఇంట్లో అడుగు పెట్టమాక. బయటే ఆగి కేకెయ్యి, నీళ్ళు తెస్తా."

నేను వెళ్తున్నది పక్కింటి జోన్ ఆంటీ కోసం. ఎనభై దాటిన మనిషి, పెళ్ళయ్యాక ఇంగ్లండ్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడకి నాలుగేళ్ళప్పుడు యుద్ధానికి వెళ్ళిన తండ్రి తిరిగి రాలేదు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక ఆ పేరే ఇంట్లో వినపడలేదు. మలయా అడవుల్లో ఎక్కడో పోయి ఉంటారని ఆంటీ అనుకుంటూ వచ్చారు. పోయిన చలికాలంలో పెర్త్‌లో ఉన్న మనవడు ఇంటర్నెట్‌లో వెతికితే, ఆయన సమాధి గోల్‌బర్న్‌లో ఉందని తేలింది. క్యాన్‌బెర్రా వెళ్ళినప్పుడల్లా ఆంటీ టీ కోసం ఆగే ఊరది!

ఆ సంగతి తెలిసిన కొన్నాళ్ళకే ఆంటీ స్నానాల గదిలో పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. పావుగంటకు మించి కూర్చోలేరు. ఇక ప్రయాణాలు కుదరవని డాక్టర్ చెప్పేశారు. మనవడు క్రిస్మస్‌కి వస్తానన్నాడు గానీ, అప్పటిదాకా ఉంటానన్న నమ్మకం ఆవిడకి లేదు.

"పూలేం వద్దు," అన్నారు నాతో. "నా తరఫున ఒక్కసారి 'డాడ్' అని పిలిచి రా. నేనెప్పుడైనా పిలిచానో లేదో నాకే గుర్తు లేదు."

ఆ మాట విన్నాక అత్తయ్య కాదు కదా, ఎవరు అడ్డుపడినా ఆగేదాన్ని కాదు.

సిడ్నీ సెంట్రల్ స్టేషన్‌లో దిగి, ఏడు గంటల ప్రాంతంలో క్యాన్‌బెర్రా రైలెక్కాను. వెళ్ళాలనుకునేవాళ్ళు సీటు ముందే బుక్ చేసుకోవాలి. ఊళ్ళో తిరిగే కార్డు ఈ రైలుకి పనికిరాదు. రైల్లో అమ్మే టీ వేడిగా ఉంటుంది, అంతకుమించి దాని గురించి చెప్పడానికేమీ లేదు. ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్ళడం మేలు.

పక్క సీట్లో క్యాన్‌బెర్రాలో హారిసన్ వైపు ఉండే తెలంగాణ అమ్మాయి కూర్చుంది. పులిహోర వాసనకి పలకరింపు మొదలైంది, డబ్బా తన చేతికిచ్చాను.

"గోల్‌బర్న్‌ల ఎవరున్నరక్కా మీకు?"

"మా పక్కింటావిడ వాళ్ళ నాన్నగారు."

"అవునా! హెల్త్ మంచిగుందా అంకుల్‌కి?"

"ఆయన పోయి ఎనభై ఏళ్ళయిందమ్మా."

ఆ అమ్మాయి స్పూను డబ్బాలో పెట్టేసి, "అయ్యో అక్కా, సారీ. ఐ యామ్ సో సారీ," అంది. ఎనభై ఏళ్ళ తర్వాత ఆయనకి సంతాపం చెప్పినవాళ్ళు ఇంకెవరూ ఉండి ఉండరు. నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు కూడా చెమర్చాయి. ఆయన కథంతా చెప్పాను.

పేరు బెర్ట్. ఉత్తర ఇంగ్లండ్‌లో మిల్లులున్న ఊళ్ళో గుర్రబ్బండి మీద ఇంటింటికీ రొట్టెలు వేసేవారు. పిలుపు రాగానే పదాతి దళంలో చేరారు. చేరినప్పుడు మామూలు సిపాయి, చివరిదాకా మామూలు సిపాయే. పతకాల్లేవు, ఆయన గెలిచిన యుద్ధమూ లేదు. సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్ వాళ్ళకి చిక్కి, అడవిలో రైలుపట్టాలు మోశారు. విడుదలయ్యాక ఇంటికి పంపే దారిలో ఓడని సిడ్నీలో ఆపారు. అప్పటికే క్షయ ముదిరిపోయింది. గోల్‌బర్న్ ఆసుపత్రిలో పెడితే కొద్ది వారాలే బతికారట. ఆంటీకి మిగిలిన జ్ఞాపకం ఒక్కటే. ఆయన ఈల వేసుకుంటూ మెట్లెక్కి వచ్చేవారు. ఈల గుర్తుంది గానీ ముఖం గుర్తు లేదు.

పది కాకముందే గోల్‌బర్న్‌లో దిగాను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. స్టేషన్ బయట టాక్సీ దొరికితే శ్మశానానికి పోనిమ్మన్నాను. "ఫ్యామిలీ?" అని అడిగాడు డ్రైవర్. "అవును," అన్నాను. అబద్ధమనిపించలేదు.

శ్మశానం గేటు ముందు మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. మా నాన్న పోయినప్పుడు నన్ను వీధి చివర ఆపేశారు. అన్నయ్య ముందు నడిచాడు, నేను ఆడవాళ్ళతో వెనక్కి తిరిగాను. ఆ రోజు వాళ్ళ మాట వినడం తప్పయిందని ఇవాళ్టికీ బాధే. ఈసారి ఆపేవాళ్ళు ఎవరూ లేరు. గేటు తోసుకుని లోపలికి వెళ్ళాను.

సిపాయిల వరుస దూరంగా, ఎండిన గడ్డి పక్కన ఉంది. తెల్లరాయి మీద ఆయన పేరు చదివి, చెప్పులు విప్పి, సంచిలోంచి పసుపు తీశాను. రాయి కనపడితే పసుపు రాయడం మన చేతికి అలవాటు. పక్క సమాధి దగ్గర కలుపు తీస్తున్న ముసలావిడ గబగబా లేచి వచ్చింది.

"అది టర్మరిక్ కదా డియర్? మార్బుల్‌కి పడితే జన్మలో పోదు!"

నాలుక కరుచుకుని పసుపు సంచిలో పడేశాను. సీసాలో నీళ్ళు మిగిలాయి. వాటితోనే రాయి మీద పిట్టల రెట్టలన్నీ కడిగి, కొంగుతో తుడిచాను. ఆసుపత్రిలో నాన్నకి ఒళ్ళు తుడిచినప్పుడు కూడా చేయి ఇంతే మెల్లగా కదిలింది.

"జోన్ పంపింది," అని చెప్పి, "డాడ్" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ తర్వాత నా నోటి వెంట "నాన్నా" అని దానంతటదే వచ్చింది. అది ఎవరిని పిలిచానో చెప్పలేను. ముసలావిడ అటు తిరిగి మళ్ళీ కలుపు తీయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం రైల్లో వెనక్కి. స్కోఫీల్డ్స్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి ముందు అత్తయ్య బకెట్టూ మగ్గూ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాకర్ ఆనుకుని జోన్ ఆంటీ కూడా నిలబడి ఉన్నారు.

"పిలిచావా?"

"పిలిచాను ఆంటీ."

ఆవిడ తలూపారు. అత్తయ్య మగ్గు ఎత్తేసరికి ఆంటీ చూపు నా పాదాల మీద పడింది. చీలమండల దాకా గోధుమరంగు దుమ్ము.

"ఆగండి! అది అక్కడిదేనా?" అన్నారు. "దాన్ని కాలవలోకి పోనివ్వకండి."

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. ఆంటీ ముఖం వంక ఒక్క క్షణం చూసి, మగ్గు కింద పెట్టి, గరాజ్‌లోంచి ప్లాస్టిక్ టబ్బు తెచ్చారు. నన్ను అందులో నిలబెట్టి, మగ్గు ఆంటీ చేతికిచ్చారు.

ఆంటీ వాకర్ని ఒక చేత్తో పట్టుకుని, వంగలేక వంగుతూ, నా పాదాల మీద నీళ్ళు పోశారు. నేను వద్దనలేదు. ఆ టబ్బుని అత్తయ్యా నేనూ చెరోవైపు పట్టుకుని ఆంటీ ఇంటి ముందు రోజా మొక్క దగ్గరికి మోసుకెళ్ళి, దాని మొదట్లో వంచాం.

మట్టి నీళ్ళు నెమ్మదిగా ఇంకిపోతుంటే ఆంటీ అటే చూస్తూ, "డాడ్," అని పిలిచారు.

"ఏమందమ్మా?" అని అడిగారు అత్తయ్య.

చెప్పాను. అత్తయ్య పైటతో కళ్ళు తుడుచుకుని, "సరే, నువ్వు లోపలికి రా. అన్నం చల్లారిపోతోంది," అన్నారు. స్నానం మాటే ఎత్తలేదు.