ప్రకాశం పక్కన కూర్చున్నవాడు

సిటీ బస్సు కండక్టర్ ప్రకాశం ఎక్కడ కూర్చున్నా సగం చోటు వదిలేవాడు. ఆ సగం ఆయన కావలిదూతది. పుట్టిన ప్రతి మనిషికీ దేవుడొక దూతను కాపలా పెడతాడని కాన్వెంటులో సిస్టర్లు నాకూ నేర్పారు. నేను మాత్రం నా దూతను నిలబెట్టేసేవాణ్ణి.

డెబ్బైల్లో లాల్‌దర్వాజా బస్సంటే జనం కిటికీలకు వేలాడేవారు. కండక్టర్ పక్క చోటు మాత్రం ఖాళీ.

"జరుగు భాయ్, కూసుంట."

"ఆద్మీ ఉన్నడు."

"ఏడీ? టికెట్ ఉందా ఆయనకు?"

"స్టాఫ్!"

ఆ దూతకు ఏటేటా ఒళ్లు వచ్చేదనుకుంటాను, ప్రకాశం అంచుకు జరుగుతూ పోయాడు. మలుపులో కింద పడి, "దెబ్బ తాకలే, ఆయన పట్టిండు" అనేవాడు, మోచేతి నెత్తురు తుడుచుకుంటూ.

"మంచం మీద నాకు జాగనే లేదన్నా," అని ఆయన భార్య ఆగమ్మ పక్కింట్లో ఉండే నాతో మొత్తుకునేది. "రెక్కలు ముడుసుకుంటే ఆయన సొమ్మేం పోతది?"

ఒక ఎండాకాలం మాదన్నపేటలో కలరా సోకింది. ప్రకాశం బస్సు డ్రైవర్ రాజన్న దవాఖానాలో పడ్డాడు. మేమిద్దరం వెళ్లేసరికి వార్డులో సగం మంచాల మీద పరుపులు చుట్టేసి ఉన్నాయి. రాజన్న కళ్లు గుంటలు పడ్డాయి. డాక్టర్ మా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

రాజన్నకు చావంటే భయం లేదు, ఒంటరిగా పోవాలంటేనే భయం. కిరస్తానీ పిల్ల సుందరమ్మను పెళ్లి చేసుకోవడానికి పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నాడు.

"నేను పుట్టంగ కిరస్తానోణ్ణి కాదు గదనే. నాకు దూతను పెట్టిండ్రో లేదో. నన్ను తోల్కపోయేటోడెవడు?"

"అందరికీ ఉంటాడు, నీకూ ఉన్నాడు," అని పాఠం అప్పజెప్పాను. అతను నమ్మలేదు.

ప్రకాశం లేచి రాజన్నను మెల్లగా పక్కకు జరిపాడు. ఖాళీ చోట దుప్పటి సర్దాడు.

"కూసో," అన్నాడు గాలితో. "మా రాజన్నను తోల్కపో. నా ఫికర్ చెయ్యకు."

రాజన్న ఆ ఖాళీ మీద చెయ్యి వేశాడు. "మరి నీకెట్లనే?"

"నాకేంది? స్టాపు స్టాపుకు తొవ్వ అడుక్కుంట వస్త."

సాయంత్రం పోయాడు రాజన్న. చెయ్యి అక్కడే ఉంది.

సమాధి చేసి వచ్చాక ప్రకాశం ఇంట్లో కుంగిపోయి కూర్చున్నాడు. "ఇచ్చేసిన. ఇగ నాకెవరున్నరు?"

దూతలను బదిలీ చేయడం కుదరదని నాకు తెలుసు.

ఆగమ్మ చాయ్ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. "నా దూత ఉన్నడు గద, ఇద్దరికి సరిపోతడు. నిన్ను భరించుడెట్లనో నేను నేర్పిస్త ఆయనకు. తాగు, సల్లగైతది."