అందరికీ తెలిసిన పాస్‌వర్డ్

సూర్యప్రభ మెడ మీద, ఎడమ పక్కన, చింతగింజంత గడ్డ లేచింది. క్యాన్సరేమో తేల్చుకోమని డాక్టరు సూది పరీక్ష రాసిచ్చాడు. పదహారేళ్లుగా ఆమె పనిచేస్తున్నది పురానాపూల్ దగ్గరి ఒక వైద్య పరీక్షల ల్యాబ్‌లోనే. సిబ్బందికి అన్ని పరీక్షలూ ఉచితం. అయినా ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ఫలితం ఏదైనా ముందు తనకే తెలియాలి. తనొక్కతే చదువుకోవాలి.

ఆ చిన్న కోరిక ఈ ల్యాబ్‌లో తీరేది కాదు. యజమాని వామన్‌రావుకు తలుపులంటే పడదు. తన గదికే తలుపు పెట్టించుకోలేదు. కౌంటర్ మీది కంప్యూటర్‌కు ఒకటే పాస్‌వర్డ్, సూర్యప్రభది. అది చీటీ మీద రాసి తెర అంచుకు అతికించి ఉంటుంది. సిబ్బంది ఆరుగురూ దానితోనే అందరి రిపోర్టులూ తెరుస్తారు.

"ఎవరిది వాళ్లకు పెడదాం సార్" అని ఆమె అడిగినప్పుడల్లా ఆయన నవ్వేవాడు.

"మనది ఒక ఖాందాన్ తల్లీ. ఇంట్ల మనిషికో తాళం ఏస్కుంటమా?"

కిందటేడు రచన అనే టీచరుకు క్షయ అని తేలింది. ఆ రిపోర్టు కావాలని ఆమె బడి యజమాని ఫోన్ చేస్తే "మనోడే, పంపియ్యిండ్రి" అని వామన్‌రావు గదిలోంచి కేకేశాడు. ఎవరో పంపారు. రచన ఉద్యోగం పోయింది. ఎవరు పంపారని ఆమె వచ్చి నిలదీస్తే కంప్యూటర్ సూర్యప్రభ పేరు చూపించింది. "పోనియ్ తల్లీ, నేనున్న గద" అని వామన్‌రావు సూర్యప్రభ భుజం తట్టాడు. రచన చూసిన చూపు మాత్రం ఎండాకాలపు మూసీ వాసనలా సూర్యప్రభను వదల్లేదు.

అందుకే సెలవు పెట్టి, తనను ఎరిగినవాళ్లు లేరనుకున్న నయాపూల్ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుంది. మూడో రోజు సాయంత్రం రిపోర్టు ఫోన్‌కు వస్తుందన్నారు.

ఆ మధ్యాహ్నమే వామన్‌రావు ఫోన్ ఎత్తి పట్టుకుని తన గదిలోంచి కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"ఏంది సూర్యమ్మా, ఇంట్ల పొయ్యి పెట్టుకొని బయట తింటవా? నయాపూల్ శ్రవణ్‌కుమార్ నా దగ్గర నేర్చినోడే. నీ పేరు చూసి ఫోన్ చేసిండు. రిపోర్ట్ నాకే పంపమన్న."

ఆమె లేచింది. "చదవకుండ్రి సార్. ఫోన్ ఇటియ్యిండ్రి."

"చదివిన గద! ఏం లేదు, ఉత్త గడ్డ. ఫికర్ చెయ్యకు!"

రక్తం ఇవ్వడానికి వరుసలో కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. పక్క కుర్చీలోని సోనీ వచ్చి కావలించుకుంది. "మాక్కూడ చెప్పలేదేందక్కా! మస్తు భయపడ్డవా?" ఎవరో అందరికీ చాయ్ చెప్పారు.

మూడు రోజులు గొంతులో మోసిన భయాన్ని ఇంటి మెట్ల మీద ఒంటరిగా దించుకుందామనుకుంది. ఆ క్షణాన్ని ఆయన విప్పి అందరికీ పంచిపెట్టాడు. ప్రేమతోనే. కోప్పడడానికి కూడా చోటు లేకుండా.

"అది నా రిపోర్ట్ సార్."

"నీదే తల్లీ. నాదన్ననా?"

సూర్యప్రభ కూర్చుంది. తెర అంచు మీది చీటీ పీకి చింపేసింది. పాస్‌వర్డ్ మార్చి కుర్చీ వెనక్కి జరిపింది.

కాసేపటికి సోనీ కంప్యూటర్ ముందు ఆగిపోయింది. "అక్కా, తీస్కుంటలేదు. కొత్తదేంది?"

"చెప్పు తల్లీ, జనం ఆగిన్రు" అని గదిలోంచి కేక.

"ఎవరిది వాళ్లకు పెట్టిన నాడు చెప్త" అంది సూర్యప్రభ. చల్లారిన చాయ్ చేతిలోకి తీసుకుంది. వరుస కదల్లేదు.